రంధ్రం మూశాక గుండె లయ సంగతి

(పుట్టుకతో గుండె జబ్బున్న పిల్లల తల్లిదండ్రుల కోసం ఒక పిల్లల గుండె వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది పిల్లలకు ఆపరేషన్ అయిపోయింది. కొందరికి ఛాతీ తెరవకుండా, తొడ దగ్గరి రక్తనాళం గుండా, గుండె గోడలోని రంధ్రాన్ని మూసే డివైస్ పెట్టారు. దాన్ని మీలో కొందరు బటన్ అంటారు, కొందరు గొడుగు అంటారు. ఎకో చేసి "రంధ్రం పూర్తిగా మూసుకుంది" అని డాక్టరు చెప్పిన రోజు మీకు ఎంత ఊరటగా ఉంటుందో నాకు తెలుసు. ఆ ఊరటను తగ్గించడానికి నేను రాలేదు. కానీ అదే రోజు మీ చేతికిచ్చే డిశ్చార్జ్ సమ్మరీలో ఈసీజీ గురించి, అంటే గుండెలో కరెంటు నడకను గీతలుగా చూపే పరీక్ష గురించి, ఒక లైను ఉంటుంది. దాన్ని చాలామంది చదవరు. చదివినా అర్థం కాదు, అడగడానికి మొహమాటం. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఆ ఒక్క లైను గురించే.

గుండె కొట్టుకోవాలంటే లోపల్నుంచే కరెంటు పుట్టాలి. కుడి పై గదిలో, తల వైపు నుంచి రక్తం తెచ్చే పెద్ద సిర వచ్చి కలిసే చోట, కొన్ని కణాల గుంపు ఉంటుంది. దాన్ని ఎస్‌ఏ నోడ్ అంటాం. ప్రతి స్పందనా అక్కడ మొదలవుతుంది. ఆ కరెంటు పై గదులన్నిటికీ పాకి, రెండు పై గదుల మధ్య గోడ అడుగున ఉండే ఏవీ నోడ్ దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. పై గదులు తమ రక్తాన్ని కిందికి నెట్టే వరకు కింది గదులు ఆగాలి కదా, అందుకు. అక్కడి నుంచి హిస్ బండిల్ అనే సన్నని కట్ట గుండా కిందికి దిగి, కుడికీ ఎడమకీ చీలుతుంది. పై నుంచి కిందికి కరెంటు దిగడానికి మామూలుగా ఉండే దారి ఇదొక్కటే. పక్క దారి లేదు.

ఈ కట్టను 1893లో విల్‌హెల్మ్ హిస్ వర్ణించాడు. ఏవీ నోడ్‌ను 1906లో సునావో తవారా అనే జపాన్ వైద్యుడు జర్మనీలో పనిచేస్తూ కనిపెట్టాడు. మరుసటి ఏడాదే ఇంగ్లండ్‌లో కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు ఎస్‌ఏ నోడ్ ఎక్కడుందో ప్రచురించారు. అంటే గుండెను తెరిచి ఆపరేషన్ చేయడానికి దాదాపు అర్ధశతాబ్దం ముందే ఈ దారి సంగతి తెలుసు. తెలియంది ఒకటే: రంధ్రం ఉన్న గుండెలో ఆ దారి ఎక్కడ నుంచి పోతుందో.

కింది గదుల మధ్య గోడలో ఉండే రంధ్రాన్ని వీఎస్‌డీ అంటాం. ఆపరేషన్ దాకా వచ్చే వీఎస్‌డీల్లో ఎక్కువ భాగం గోడ పైభాగంలో, పల్చని పొర ఉండే చోట ఉంటాయి. హిస్ బండిల్ సరిగ్గా ఆ రంధ్రం వెనక, కింది అంచును ఆనుకునే పోతుంది. ఆపరేషన్‌లో అది కంటికి కనబడదు. చుట్టూ ఉన్న కండకూ దానికీ రంగులో తేడా ఉండదు. ఎక్కడ ఉంటుందో సర్జన్‌కు చదువు వల్ల, అనుభవం వల్ల తెలియాలి, అంతే. అందుకే ఆ మూల దగ్గరికి వచ్చేసరికి సూదిని అంచులో గుచ్చరు. అంచుకు కొన్ని మిల్లీమీటర్లు ఎడంగా, కుడి గది వైపు నుంచి, పైపైన కుట్లు వేస్తారు. మూడు నాలుగు కిలోల బిడ్డ గుండెలో కొన్ని మిల్లీమీటర్లంటే ఎంత చోటో మీరే ఊహించండి. అంత జాగ్రత్తగా వేసినా, పక్కనున్న కణజాలం వాయవచ్చు. ఆ వాపు వల్ల కరెంటు నెమ్మదించవచ్చు, ఆగిపోనూ వచ్చు. పై గదుల కరెంటు కిందికి బొత్తిగా రాకపోతే దాన్ని కంప్లీట్ హార్ట్ బ్లాక్ అంటాం. పెద్దవాళ్ళకు గుండెపోటులో రక్తనాళం మూసుకుపోతుందే, అది వేరు. దీనికి దానితో సంబంధం లేదు.

ఇక్కడ మీకు ఒక చరిత్ర చెప్పాలి. ఈ రోజు ప్రపంచమంతా లక్షల మంది పెద్దవాళ్ళ ఛాతీల్లో ఉండి, గుండెకు కరెంటు ఇచ్చి నడిపించే పేస్‌మేకర్ ఇప్పటి రూపానికి రావడానికి మొదటి కారణాల్లో మీ పిల్లల్లాంటి పిల్లలే ఉన్నారు.

1954 మార్చి 26న, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో వాల్టన్ లిల్లెహై అనే సర్జన్ ఏడాది దాటిన ఒక మగబిడ్డకు వీఎస్‌డీ మూశాడు. ఆయన చేతిలో హార్ట్ లంగ్ మెషిన్ లేదు. బిడ్డ తండ్రిని పక్క బల్ల మీద పడుకోబెట్టి, ఇద్దరి రక్తనాళాలనూ గొట్టాలతో కలిపి, తండ్రి గుండే ఊపిరితిత్తులే బిడ్డకూ పనిచేసేలా చేశారు. రంధ్రం మూయడం కుదిరింది కానీ ఆ బిడ్డ 11 రోజుల తర్వాత న్యుమోనియాతో చనిపోయాడు. అయినా ఆ పద్ధతిలో మొత్తం 45 మందికి ఆపరేషన్లు చేశారు, 28 మంది ఇంటికి వెళ్ళారు. అప్పటి వరకు ఆ జబ్బులకు మందే లేదని గుర్తుపెట్టుకుంటే ఆ సంఖ్య విలువ తెలుస్తుంది.

కానీ కొందరు పిల్లల్లో రంధ్రం చక్కగా మూసుకున్నా, గుండె నిమిషానికి ముప్పై, నలభై సార్లకు పడిపోయేది. సుమారు పది మందిలో ఒకరికి ఇలా అయ్యేది. మొదట్లో వాళ్ళలో ఎవరూ బతకలేదు. మందులు వాడి చూశారు, కొద్దిగా మెరుగు. చివరికి 1957 జనవరి 30న ఒక మూడేళ్ళ పాపకు గుండె కండలోనే సన్నని తీగ గుచ్చి, దాన్ని బయటికి తెచ్చి, బయట ఉన్న యంత్రంతో చిన్న చిన్న షాకుల్లా కరెంటు ఇచ్చారు. గుండె వేగం వెంటనే పెరిగింది. పాప బతికింది.

అయితే ఆ యంత్రం గోడకున్న ప్లగ్గుతో నడిచేది. తీగ ఎంత పొడవుంటే బిడ్డ అంత దూరమే. అదే ఏడాది అక్టోబర్ 31న ఊరంతా కొన్ని గంటలపాటు కరెంటు పోయింది. కరెంటు కోతలు చూసిన మనకు ఆ వార్డులో వాళ్ళకు ఎలా ఉండి ఉంటుందో విడమరిచి చెప్పక్కర్లేదు. లిల్లెహై, ఆస్పత్రి పరికరాలు రిపేరు చేసే ఎర్ల్ బాకెన్ అనే ఇంజనీరును పిలిచి, బ్యాటరీతో నడిచేది ఏమైనా చేయగలవా అని అడిగాడు. సంగీతం నేర్చుకునేవాళ్ళకు తాళం వేసి చూపించే మెట్రోనోమ్ సర్క్యూటు ఒకటి బాకెన్ అంతకుముందు ఒక పత్రికలో చూశాడు. దాన్నే మార్చి, రెండు ట్రాన్సిస్టర్లతో, నాలుగు వారాల్లో చేతిలో పట్టే పెట్టె తయారుచేశాడు. దాన్ని ఒక కుక్క మీద పరీక్షించారు. మర్నాడు బాకెన్ ఆస్పత్రికి వచ్చేసరికి అది ఒక బిడ్డ గుండెను నడిపిస్తోంది. బాకెన్ స్థాపించిన కంపెనీ మెడ్‌ట్రానిక్. ఈ మాట నేను ఎప్పుడు చెప్పినా నాకు ఆ పిల్లలే గుర్తొస్తారు. వాళ్ళ పేర్లు మనకు తెలియవు గానీ, ఇప్పుడు ఐసీయూలో మీ బిడ్డ పక్కన కనిపించే ఆ చిన్న పెట్టె వాళ్ళ వల్ల వచ్చింది.

ఆ పెట్టె సంగతే చెబుతాను. ఆపరేషన్ అయ్యాక బిడ్డను మొదటిసారి చూడటానికి మిమ్మల్ని ఐసీయూలోకి పిలుస్తారు. రొమ్ము ఎముక కింది వైపు చర్మంలోంచి దారాల్లాంటి సన్నని తీగలు బయటికి వచ్చి ఉంటాయి. మామూలుగా కుడి పక్క వచ్చేవి పై గదులవి, ఎడమ పక్క వచ్చేవి కింది గదులవి. వాటిని చూసి చాలామంది తల్లులు బెదిరిపోతారు. అవి ఉన్నాయంటే ఏదో అయిందని కాదు, ఏదైనా అయితే చేతిలో సాధనం ఉండాలని. లయ కుదురుకున్నాక వాటిని లాగేస్తారు. అదొక నిమిషం పని.

బ్లాక్ వచ్చినా, వాపు వల్ల వచ్చినదైతే వారం పది రోజుల్లో చాలావరకు దానంతటదే పోతుంది. అందుకే శాశ్వత పేస్‌మేకర్ పెట్టే ముందు కనీసం ఏడు రోజులు, కొన్నిచోట్ల పది రోజులు ఆగుతాం. ఆ వారం రోజులు తల్లిదండ్రులు నరకం చూస్తారు. "ఏదో ఒకటి తేల్చండి సార్" అని అడుగుతారు. తేల్చకుండా ఆగడమే అప్పుడు బిడ్డకు మేలు. ఎందుకంటే పేస్‌మేకర్ ఒకసారి పెడితే జీవితాంతం బ్యాటరీలు మారుస్తూ ఉండాలి. ఈ రోజుల్లో వీఎస్‌డీ సర్జరీ తర్వాత శాశ్వత బ్లాక్ నూటికి ఒకరికి, మంచి సెంటర్లలో అంతకంటే తక్కువే.

ఐసీయూలో మమ్మల్ని ఎక్కువగా పరుగులు పెట్టించేది బ్లాక్ కాదు, దానికి పూర్తిగా ఎదురు సమస్య. దాన్ని జెట్ అంటాం. ఏవీ నోడ్, హిస్ బండిల్ ఉన్న ఆ చోటు రేగిపోయి, పైనుంచి ఆజ్ఞ లేకుండా తానే నిమిషానికి 170, 200, ఒక్కోసారి అంతకు మించి కొట్టడం మొదలుపెడుతుంది. మొదటి రెండు మూడు రోజుల్లో, ఎక్కువగా ఏడాది లోపు పిల్లల్లో వస్తుంది. అప్పుడు బిడ్డ ఒంటిని కావాలనే 34, 35 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరుస్తాం. మెగ్నీషియం సరిచూస్తాం, గుండెను ఉరికించే మందులు తగ్గిస్తాం, లయను అదుపు చేసే అమియోడరోన్ అనే మందు ఇస్తాం. మీరు లోపలికి వచ్చి బిడ్డ పాదం ముట్టుకుంటే చల్లగా ఉంటుంది. దయచేసి భయపడి దుప్పటి కప్పకండి. నర్సును అడగండి, ఎందుకలా ఉందో చెబుతారు. చెప్పాలి కూడా. ముందే చెప్పకుండా ఒక తల్లిని చల్లటి బిడ్డ దగ్గరికి పంపడం అన్యాయం.

ఇక డిశ్చార్జ్ సమ్మరీలో ఎక్కువగా కనిపించే మాట ఆర్‌బీబీబీ. హిస్ బండిల్ రెండుగా చీలుతుందన్నాను కదా, అందులో కుడి కొమ్మలో కరెంటు ఆలస్యంగా పోతోందని దీని అర్థం. వీఎస్‌డీ, ఫాలోస్ టెట్రాలజీ (నాలుగు లోపాలు కలిసి ఉండే పుట్టుక గుండె జబ్బు) ఆపరేషన్ల తర్వాత చాలామంది పిల్లల్లో ఉంటుంది. అదొక్కటే ఉంటే బిడ్డకు తెలియదు, ఆటకు అడ్డు రాదు, మందు అక్కర్లేదు. దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి.

నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు గానీ గుర్తుపెట్టుకోవాల్సింది వేరే ఉంది. ఆపరేషన్ తర్వాత కొద్ది రోజులు పూర్తి బ్లాక్ వచ్చి తగ్గిపోయిన పిల్లలున్నారు. వీళ్ళకు ఏళ్ళ తర్వాత అది తిరిగి వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. మీ బిడ్డకు అలా అయిందా అని ఇవాళే మీ డాక్టరును అడగండి. అయితే ఆ సంగతి బిడ్డ పెద్దయ్యాక తనకూ తెలియాలి.

డివైస్‌తో మూసినవాళ్ళ సంగతి కొంచెం వేరు. పై గదుల మధ్య రంధ్రం, అంటే ఏఎస్‌డీ మూసిన పిల్లల్లో మొదటి కొన్ని వారాలు మధ్య మధ్య అదనపు స్పందనలు రావడం మామూలే. గోడకు రెండు వైపులా లోహపు బిళ్ళలు అతుక్కుని ఉంటాయి కాబట్టి కండ కొంచెం చిరాకు పడుతుంది. లోపలి పొర దాని మీద పెరిగేకొద్దీ తగ్గుతుంది. చిన్న బిడ్డకు పెద్ద డివైస్ పెడితే ఏవీ నోడ్ దగ్గర ఒత్తిడి పడి కొద్దిపాటి బ్లాక్ కనిపించవచ్చు, చాలావరకు తాత్కాలికమే. వీఎస్‌డీ డివైస్ దగ్గర మాత్రం నేను ఎక్కువ జాగ్రత్తగా ఉంటాను. మొదటి తరం డివైస్‌లతో పూర్తి బ్లాక్ నూటికి అయిదు దాకా వచ్చిందన్న నివేదికలు వచ్చాయి. ఇప్పటి మెత్తని డివైస్‌లతో అది బాగా తగ్గింది. అయినా సర్జరీ తర్వాత బ్లాక్ ఎక్కువగా మొదటి రోజుల్లోనే బయటపడితే, డివైస్ తర్వాత నెలలకూ ఏళ్ళకూ కూడా రావచ్చు. అందుకే వాళ్ళకు ఈసీజీ మానకూడదు.

ఈ సందర్భంలో నా అభిప్రాయం ఒకటి చెబుతాను. బిడ్డ బరువు పెరుగుతోంది, గుండె గదులు సాగలేదు, వీఎస్‌డీ చిన్నది. అలాంటప్పుడు "ఎందుకైనా మంచిది, డివైస్ వేసేయండి" అని అడగకండి. చిన్న వీఎస్‌డీలు చాలా వరకు వాటంతట అవే మూసుకుంటాయి. మూయనక్కర్లేని రంధ్రాన్ని మూయబోయి లయ పాడుచేసుకోవడం న్యాయం కాదు. అదే పెద్ద ఏఎస్‌డీ అయితే, బిడ్డ హుషారుగా ఉంది కదా అని ఏళ్ళకేళ్ళు వాయిదా వేయడమూ అంతే తప్పు. నలభై ఏళ్ళు వచ్చాక మూసుకున్నవాళ్ళలో పై గదులు అప్పటికే సాగిపోయి ఉంటాయి. రంధ్రం మూసుకున్నా దడ పోకపోవచ్చు. చిన్నప్పుడే మూస్తే కుడి వైపు గదులు కొన్ని నెలల్లో తగ్గుతాయి. ఆ తగ్గడం ఈసీజీ గీతల్లోనూ కనిపిస్తుంది. పాలు తాగుతూ చెమటలు పట్టే బిడ్డ, ఆయాసపడకుండా తాగడం మొదలుపెడుతుంది. లయలో మార్పు అంటే అన్నీ చెడ్డవి కావు.

ఇప్పుడు ఇంట్లో మీరు చేయాల్సింది. బిడ్డ గాఢనిద్రలో ఉన్నప్పుడు ఛాతీ ఎడమ పక్క అరచెయ్యి ఆనించి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయకండి. ఆ సంఖ్య, తేదీ రాసుకోండి. మెలకువగా ఉన్నప్పుడు ఏడాది లోపు బిడ్డకు 100 నుంచి 180 దాకా, మూడు నాలుగేళ్ళ బిడ్డకు 80 నుంచి 120 దాకా మామూలు. నిద్రలో ఇంకా తగ్గుతుంది. జ్వరం వస్తే పెరుగుతుంది. ఊపిరి పీల్చినప్పుడు వేగంగా, వదిలినప్పుడు నెమ్మదిగా కొట్టుకోవడం పిల్లల్లో ఆరోగ్య లక్షణమే, దానికి ఖంగారు వద్దు. నెలకోసారి చూస్తే చాలు. రోజుకు పదిసార్లు చూసి టెన్షన్ పడితే ఆ టెన్షన్ బిడ్డకూ అంటుకుంటుంది. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ చాలా ఇళ్ళలో ఉంది. అది వేగం చెబుతుంది, లయ ఎలా ఉందో చెప్పదు. అది ఈసీజీకి బదులు కాదు.

ఆస్పత్రికి పరుగెత్తాల్సినవి చెబుతాను. నిద్రలో కాకుండా మెలకువలోనే గుండె బాగా నెమ్మదించి బిడ్డ నీరసపడటం. ఉన్నట్టుండి దడ మొదలై ఉన్నట్టుండి ఆగిపోవడం. చంటిబిడ్డ కారణం లేకుండా పాలు మానేసి, పాలిపోయి, చెమటలు కక్కడం. అన్నిటికంటే ముఖ్యం, ఆడుతూ ఆడుతూ పడిపోవడం.

పడిపోయిన బిడ్డకు ఒకటి రెండు కుదుపులు కూడా రావచ్చు, మెదడుకు రక్తం అందక. మన ఊళ్ళలో వెంటనే "మూర్ఛ" అంటారు. చేతిలో తాళాల గుత్తి పెడతారు. నిమిషంలో లేచి కూర్చుంటుంది, తాళాలు పనిచేశాయనుకుంటారు. తర్వాత ఫిట్స్ మాత్రలు మొదలవుతాయి. గుండె ఆపరేషన్ అయిన బిడ్డ పడిపోతే, అది గుండె వల్ల కాదని తేలేదాకా గుండె వల్లే అనుకోవాలి. 108కి ఫోన్ చేయండి, దగ్గరున్న ఆస్పత్రిలో ముందు ఈసీజీ తీయించండి. నాడి అందకపోతే, ఊపిరి తీసుకోకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. అది ఎలా చేయాలో ఈ సమావేశం తర్వాత మా నర్సులు బొమ్మ మీద చూపిస్తారు, ఎవరూ నేర్చుకోకుండా వెళ్ళొద్దు.

కాగితాల సంగతి చిన్నదే కానీ చెప్పకుండా ఉండలేను. ఈసీజీ కాగితం వేడికి అచ్చుపడే రకం. బీరువాలో ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకుంటారు, నాలుగేళ్ళకు తీసి చూస్తే గీతలు వెలిసిపోయి తెల్లకాగితం మిగులుతుంది. తీసిన రోజే జిరాక్స్ తీయించండి, ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. పాత ఈసీజీతో పోల్చి చూస్తేనే కొత్తదాంట్లో మార్పు తెలుస్తుంది.

మన దగ్గర 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. అప్పుడు రెండేళ్ళు, మూడేళ్ళ వయసులో గుండె ఆపరేషన్ అయిన పిల్లలు ఇప్పుడు ఇరవై దాటారు. ఇంజనీరింగ్ చదువుతున్నారు, డెలివరీ బళ్ళు నడుపుతున్నారు, కొందరు వేరే దేశాలకు వెళ్ళిపోయారు. ఆపరేషన్ మచ్చ ఉంది కానీ ఏం మూశారో చాలామందికి తెలియదు, అమ్మకు కూడా "గుండెలో హోల్" అని మాత్రమే గుర్తు. గుండె మీద వేసిన కుట్ల మచ్చల చుట్టూ కరెంటు గిరగిరా తిరిగి దడ మొదలయ్యేది చాలా సార్లు ఈ వయసు తర్వాతే. పిల్లలు పెద్దవాళ్ళయ్యే వేళకే వాళ్ళు మా దగ్గరికి రావడం మానేస్తున్నారు. నాకు దీని గురించే ఎక్కువ బెంగ. ఏడాదికో రెండేళ్ళకో ఒక ఈసీజీ, డాక్టరు అవసరమంటే 24 గంటల హోల్టర్, అంటే రోజంతా ఒంటికి తగిలించుకునే ఈసీజీ. వీటిని పెద్ద వయసులోనూ మానొద్దు.

(సభ నుంచి ఒక తండ్రి: బాబుకు ఎనిమిదేళ్ళు, వీఎస్‌డీ మూసి అయిదేళ్ళయింది. స్కూల్లో పీఈటీ సారు పరుగు పందెంలో దింపనంటున్నారు.)

ఎకోలో రంధ్రం మిగల్లేదు, ఊపిరితిత్తుల ప్రెషర్ మామూలు, ఈసీజీలోనూ హోల్టర్‌లోనూ ప్రమాదకరమైన లయ లేదంటే పరుగెత్తించండి. మీ డాక్టరు చేత ఒక ఉత్తరం రాయించుకుని సారుకు ఇవ్వండి. పిల్లాణ్ణి గట్టు మీద కూర్చోబెట్టి మిగతావాళ్ళ ఆట చూడమనడం కూడా ఒక జబ్బును తగిలించడమే.

(ఒక తల్లి: మా పాపకు పేస్‌మేకర్ పెట్టారు డాక్టర్ గారూ. సెల్‌ఫోన్ ముట్టుకోవచ్చా? రేపు పెళ్ళీ అవీ...)

ముట్టుకోవచ్చమ్మా. చొక్కా జేబులో, పేస్‌మేకర్ ఉన్న చోట ఆనించి పెట్టకుండా ఒక జానెడు ఎడం ఉంచితే చాలు. చిన్నపిల్లలకు దాన్ని ఎక్కువగా పొట్ట గోడలో పెడతాం కాబట్టి అక్కడ గట్టి దెబ్బ తగిలే ఆటలు వద్దు, మిగతావి ఆడనివ్వండి. బ్యాటరీ కొన్నేళ్ళకోసారి మార్చాలి, చెకప్‌లో ఎంత మిగిలిందో యంత్రమే చెబుతుంది. స్కానింగ్ ఎవరు రాసినా పేస్‌మేకర్ కార్డు ముందు చూపించండి. పెళ్ళి చేసుకోవచ్చు. గుండె మిగతా అంతా బాగుంటే పిల్లల్నీ కనవచ్చు, గర్భం రాకముందే ఒకసారి గుండె డాక్టరుకు చూపించుకుని. సంబంధం మాట్లాడేటప్పుడు మచ్చ దాచి, పేస్‌మేకర్ దాచి పెళ్ళి చేయకండి. దాస్తే పాప చెకప్‌కు కూడా దొంగచాటుగా రావాల్సి వస్తుంది, కొన్నాళ్ళకు రావడమే మానేస్తుంది. అవతలివాళ్ళకు భయాలుంటే నా దగ్గరికి తీసుకురండి, ఈసీజీ ముందు పెట్టుకుని నేనే కూర్చుని చెబుతాను.